ముస్లిమేతర విద్యార్థులకు ఇస్లాం బోధన: మెక్‌గిల్ నేర్పిన పాఠం

ఐరోపా విశ్వవిద్యాలయాలలో అరబీ భాషాపీఠాలు నాలుగు శతాబ్దాల క్రితమే వెలిశాయి. లైడెన్‌లో 1613లో, కేంబ్రిడ్జిలో 1632లో, ఆక్స్‌ఫర్డ్‌లో 1636లో అరబీ బోధనకు ఆచార్యులు నియమితులయ్యారు. బైబిలు వ్యాఖ్యానానికి తోడ్పడే భాషాజ్ఞానం, తూర్పు దేశాలతో వర్తకం, ముస్లింలతో మతవాదం అనేవి ఆ ఏర్పాటు వెనుకనున్న ముఖ్య ఉద్దేశాలు. ఆ పండితులు మన ప్రాచీన వ్రాతప్రతులను ఎంతో శ్రమించి పరిష్కరించారు. ఈ మేలును మరువరాదు. అయితే ఇస్లాంను గురించి ఇంతగా చర్చ జరిగిన ఆ తరగతి గదులలో ముస్లిం మాత్రం దాదాపు కానరాడు. అతడు పాఠ్యవిషయమే గాని పాఠంలో భాగస్వామి కాడు.

ఈ లోపాన్ని గుర్తించి సరిదిద్దబూనినవారిలో విల్‌ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్ ముఖ్యుడు. ఆయన కెనడా దేశస్థుడు, క్రైస్తవుడు. 1940లలో లాహోరులో ఉపాధ్యాయునిగా పనిచేసి ముస్లిం సమాజాన్ని దగ్గరగా చూశాడు. 1952లో మాంట్రియల్ నగరంలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఇస్లామీ అధ్యయన సంస్థను స్థాపించినప్పుడు ఆయన ఒక నియమం పెట్టుకున్నాడు. అధ్యాపకులలో సగం మంది, విద్యార్థులలో సగం మంది ముస్లింలై ఉండాలి. ఒక ధర్మాన్ని గురించి బయటివాడు చెప్పే మాటను ఆ ధర్మానుయాయులు కూడా 'ఔను, ఇది మా విశ్వాసమే' అని అంగీకరించగలగాలన్నది ఆయన సిద్ధాంతం.

ఈ నియమం రెండు పక్షాలకూ పరీక్షే అయింది. పక్కన కూర్చున్న ముస్లిం విని నొచ్చుకునే మాటను ఆధారం లేకుండా పలకడం ముస్లిమేతర విద్యార్థికి కష్టమైంది. తాను పుట్టుకతోనే ఎరిగిన విషయాన్ని ఏమీ ఎరుగనివానికి హేతుబద్ధంగా వివరించవలసిన బాధ్యత ముస్లిం విద్యార్థిపై పడింది. ఇండోనేషియా నుండి వచ్చి అక్కడ చదివిన ముక్తీ అలీ 1971లో తన దేశానికి మత వ్యవహారాల మంత్రి అయ్యారు. దేవబంద్‌లో చదివిన తండ్రి వద్ద సంప్రదాయ విద్య నేర్చి, ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టరేటు పొందిన ఫజలుర్రహ్మాన్ 1958 నుండి 1961 వరకు మెక్‌గిల్‌లో బోధించారు. అదే కాలంలో పాలస్తీనా పండితుడు ఇస్మాయీల్ ఫారూఖీ ఆ విశ్వవిద్యాలయంలోనే క్రైస్తవ, యూదు మతాలను అధ్యయనం చేశారు. ఇతరులు మనల్ని న్యాయంగా చదవాలని కోరేవారు తామూ ఇతరులను అలాగే చదవాలి కదా!

అయితే ఈ మార్గం పూలబాట కాదు. ఫజలుర్రహ్మాన్ 1966లో ప్రచురించిన 'ఇస్లాం' అనే ఆంగ్ల గ్రంథంపై పాకిస్తాన్‌లో తీవ్ర వ్యతిరేకత చెలరేగి, 1968లో ఆయన పదవికి రాజీనామా ఇచ్చారు. ఆ తర్వాత 1969 నుండి 1988లో మరణించేవరకు చికాగో విశ్వవిద్యాలయంలో బోధించారు. ఆయన అభిప్రాయాలన్నిటినీ మనం ఆమోదించనక్కరలేదు. విశ్వాసం లేనివారి చేతిలో ధర్మవిద్య వట్టి పాండిత్యంగా మిగులుతుందన్న ఉలమాల ఆందోళనా త్రోసివేయదగినది కాదు. కాని మనం వదిలివేసిన బోధనాపీఠం ఖాళీగా ఉండదు. మనల్ని ఎరుగనివాడు వచ్చి అందులో కూర్చుంటాడు.

ఈ వ్యాసకర్తకు ఒక స్వానుభవం ఉంది. మదరసాలో ఏళ్ల తరబడి చదివినా ఎవరూ అడగని ప్రశ్నను ఒక హిందూ విద్యార్థి ఒక్క నిమిషంలో అడిగాడు. "అయ్యా, మీరు నమాజును ప్రార్థన అని వ్రాశారు, దుఆను కూడా ప్రార్థన అనే వ్రాశారు. రెండూ ఒకటేనా?" అప్పటికి నా అనువాదం సగం పూర్తయింది. సిగ్గుపడి, వ్రాసిన పుటలన్నీ మొదటినుండి సరిచూచుకున్నాను. ఆ ప్రశ్నలో ద్వేషం లేదు, శ్రద్ధ ఉంది. దానివల్ల ఎక్కువ నేర్చుకున్నవాడిని నేనే.

తెలుగువారికి ఈ శ్రద్ధ కొత్తది కాదు. ఆంధ్ర భాషా చరిత్రకారుడు చిలుకూరి నారాయణరావు ముస్లిం కాకపోయినా, స్వాతంత్ర్యానికి పూర్వమే దివ్యఖుర్ఆన్‌ను తెనిగించారు. మనం పూనుకోకముందే పొరుగువాడు మన గ్రంథాన్ని చేతికి తీసుకున్నాడు. వివేకంతో, మృదువైన రీతిలో సంభాషించమని ఆ గ్రంథమే మనల్ని ఆదేశిస్తున్నది. అడిగేవాడు మన ముంగిట నిలిచి ఉన్నాడు. ప్రశ్నను అనుమానంగా గాక అతిథిగా స్వీకరించగల ఉపాధ్యాయులను తయారుచేసుకోవడమే నేడు మన విద్యాసంస్థల ముందున్న కర్తవ్యం.