ఓక్ గోడల మధ్య

1628 ఆగస్టు 10, ఆదివారం సాయంత్రం. స్టాక్‌హోమ్ రేవు. మీరు 'వాసా' యుద్ధనౌక కింది అంతస్తులో, ఒక కంచు ఫిరంగి పక్కన ఉన్నారు. నడుం వంచండి, తలకు దూలం తగులుతుంది. తారు వాసన ముక్కు పట్టేస్తోంది.

గోడ మీద చెయ్యి వేయండి. బాడిసతో చెక్కిన గాట్లు గరుకుగా తగులుతాయి. వెయ్యి ఓక్ చెట్లు పడగొడితే ఇంత ఓడ తయారైంది. వంపు కావలసిన చోటికి వంపు తిరిగిన కొమ్మనే వెతికి తెచ్చారు. స్వీడన్‌లో ఓక్ చెట్టు రైతు పొలంలో ఉన్నా రాజుగారిదే. ఎందుకంటారా? ఓక్ లేకపోతే యుద్ధనౌక లేదు, నౌక లేకపోతే బాల్టిక్ సముద్రం మీద పెత్తనం లేదు.

గట్టు మీద జనం కేకలు వేస్తున్నారు. కాసేపు షికారుకని సిబ్బంది భార్యాపిల్లలు కూడా ఎక్కారు. ఫిరంగి కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. వంగి చూస్తే నీళ్లు మరీ దగ్గర.

ఇదివరకే రేవులో 30 మందిని డెక్కు మీద అటూ ఇటూ పరుగెత్తించి చూశారు. మూడో పరుగుకే ఓడ ఊగిన ఊపు చూసి అడ్మిరల్ ఆపించేశాడు. పరుగు ఆపాడు గానీ ప్రయాణం ఆపలేదు. అవతల యుద్ధంలో ఉన్న రాజు తొందరపెడుతుంటే కాదనే ధైర్యం ఎవరికుంటుంది?

నాలుగు తెరచాపలు విప్పారు. గాలి తగిలింది. ఓడ ఎడమకు ఒరిగి, మెల్లగా లేచింది. ఊపిరి పీల్చుకున్నారు.

మళ్లీ గాలి.

ఈసారి లేవలేదు. కిటికీలోంచి నీళ్లు. చీలమండల దాకా. మోకాళ్ల దాకా. కిటికీ మూస్తారా? తలుపు కదలదు. టన్ను దాటిన ఫిరంగి ఎదురుగా ఉంది. వదిలేయండి. నిచ్చెన! పట్టుకోండి. ఎక్కండి. చీకటి. ఎవరిదో చెయ్యి. ఆకాశం. దూకండి!

నీటిపైన తేలిన తెరచాప కొయ్య కొన దొరికింది. మీరు బతికారు. సుమారు 30 మంది పైకి రాలేదు.

విచారణ జరిగింది, శిక్ష మాత్రం ఎవరికీ పడలేదు. కలప విరగలేదు, మేకు ఊడలేదు. ఓడ పైభాగం బరువు, కిందిభాగం చాలలేదు, అంతే. బాల్టిక్ నీళ్లలో ఉప్పు తక్కువ, కలపను తొలిచే ఓడపురుగు అక్కడ బతకదు. అందుకే 333 ఏళ్ల తర్వాత, 1961లో పైకి తీస్తే ఓడ ఓడలాగే వచ్చింది. ఆరితే పగిలిపోతుందని 17 ఏళ్లు పాలీఎథిలీన్ గ్లైకాల్ చల్లారు. ఇప్పుడది స్టాక్‌హోమ్ మ్యూజియంలో ఉంది, 95 శాతానికి పైగా అప్పటి కలపతోనే.