తెలుగు బైబిలులో గ్రీకు దేవతలు

దొడ్డబళ్ళాపురం వీధులలో కన్నడమూ తెలుగూ కలిసి వినబడును. అంగడిలో ఒక మాట ఒక భాషనుండి మరొక భాషకు మారుటకు క్షణము చాలును. కాని మారవలసినది దేవుని పేరైనప్పుడు అనువాదకుడు తడబడక తప్పదు.

1805లో లండన్ మిషనరీలు విశాఖపట్టణమునకు వచ్చి తెలుగు అనువాదమునకు పూనుకొన్నారు. 1818లో కొత్త నిబంధన, 1854లో సంపూర్ణ బైబిలు వెలువడినవి. అపొస్తలుల కార్యములు అను గ్రంథమునకు వచ్చేసరికి గ్రీకు దేవతలు ఎదురుపడుదురు.

లుస్త్రలో పౌలు ఒక కుంటివానిని నడిపింపగా, జనులు బర్నబాను జ్యూస్ అనియు, మాటకారియైన పౌలును హెర్మే అనియు భావించి, పూజారితో ఎడ్లను, పూలదండలను తెప్పించిరి. వారి తొందరకు కారణము లేకపోలేదు. ఆ ఇద్దరు దేవతలు బాటసారులై ఆ ప్రాంతమునకు వచ్చిరనియు, ఆతిథ్యమిచ్చిన ముసలి దంపతులు తప్ప తక్కినవారందరు జలప్రళయమున నశించిరనియు రోమను కవి ఓవిడ్ అంతకు ముందే వ్రాసియుండెను. అతిథిని దేవుడని గౌరవించు మనకు ఆ భయము అర్థము కానిది కాదు. అపొస్తలులు మాత్రము బట్టలు చింపుకొని ఆ పూజను నిరాకరించిరి.

జ్యూస్‌కు పాత తెలుగు బైబిలు పెట్టిన పేరు ద్యుపతి, అనగా ఆకాశమునకు అధిపతి. ఇది ఎంతో చక్కని ఎంపిక. వేదములలోని ద్యౌః, గ్రీకుల జ్యూస్, రోమనుల జూపిటర్ ఒకే మూలమునుండి పుట్టిన పేర్లని భాషాశాస్త్రజ్ఞులు నిరూపించినారు. హెర్మేకు అట్టి చుట్టము దొరకలేదు కాబోలు, ఆ పేరును అట్లే ఉంచినారు.

క్రైస్తవుల దృష్టి అన్నిచోట్ల ఒకటిగా లేదు. ఏథెన్సులో పౌలు తెలియని దేవుని బలిపీఠమును ఆధారముగా తీసికొని, జ్యూస్‌ను స్తుతించిన అరాటుస్ కవి మాటనే ఉదాహరించెను. అధికారము చేతికి వచ్చిన పిమ్మట ఈ ఓర్పు సన్నగిల్లినది. 392లో థియొడోసియస్ చక్రవర్తి పాత దేవతల ఆరాధనను నిషేధించెను. లుస్త్రలో చేతిలో ఏమియు లేనివారు చూపిన ధైర్యమునకును, ఈ శాసనమునకును పోలిక లేదు.

మరొక చిన్న సంగతి కలదు. పౌలు ఖైదీగా మెలితే ద్వీపమునుండి ఎక్కిన అలెక్సంద్రియ ఓడపై జ్యూస్ కవల కుమారుల గుర్తు ఉండెను. తెలుగు బైబిలు దానిని అశ్వినీ చిహ్నమనినది. ఎడ్లను, దండలను కాదన్న పౌలు ఆ ఓడను కాదనలేదు. పొతియొలీ రేవువరకు అందులోనే ప్రయాణించి, అక్కడినుండి నేలదారిన రోమునకు వెళ్ళెను.