లిఫ్టు, మెట్లు, అగ్గిపుల్ల

పూర్వము కార్యాలయములు ఐదారు అంతస్తులకు మించకుండుటకు మెట్ల శ్రమయే ఒక కారణము. సరకులెత్తు యంత్రములు ఉన్నను, త్రాడు తెగునను భయముచే మనుష్యులు వానిని ఎక్కుటకు జంకెడివారు. 1854లో న్యూయార్కు ప్రదర్శనములో ఎలీషా ఓటిస్ ఎత్తుననున్న వేదికపై నిలిచి, త్రాడును నరికించినాడు. వేదిక కొద్దిగా జారి ఆగిపోయినది. త్రాడు బిగువుగా నున్నంతసేపు వేదిక పైనున్న స్ప్రింగు వంగియుండును. త్రాడు తెగినంతనే అది చాచుకొని, దాని కొనలు ప్రక్క కంబముల పండ్లలో చిక్కుకొనును.

1870లో అదే నగరమున ఈక్విటబుల్ బీమా సంస్థ తన కార్యాలయ భవనములో లిఫ్టులను అమర్చినది. ఆ భవనము అగ్నికి లొంగనిదని పేరు. కాని 1912 జనవరి 9న దాని నేలమాళిగలో మంట పుట్టినది. చెత్తడబ్బాలో పడిన అగ్గిపుల్లయే కారణమందురు. లిఫ్టులు నడచు నిలువు దారులే పొగగొట్టములై మంటను పై అంతస్తులకు చేర్చినవి. ఆరుగురు మరణించినారు.

ఒక ప్రమాదమును ఆపిన సాధనమే మరొక ప్రమాదమునకు దారి కావచ్చును. అందుచేతనే నిప్పంటుకొన్నప్పుడు లిఫ్టు ఎక్కరాదు. మెట్లదారిని బీరువాలతో, దస్త్రములతో ఎన్నడును మూయరాదు.