విజయనగరం నుంచి ఖరగ్‌పూర్‌కు పైడితల్లి పేరు

ఉత్తరాంధ్రలో ఆడపిల్లలకు తరతరాలుగా పెట్టుకుంటూ వచ్చిన పేర్లలో పైడితల్లి ఒకటి. పైడి అంటే బంగారం. వాడుకలో ఇది పైడమ్మ అవుతుంది. గ్రాంథికంగా రాస్తే పైడిమాంబ. పైడి అనే మాట ఇంటిపేర్లలో తెలుగునేల అంతటా ఉంది. జాతీయ ప్రతిజ్ఞ రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు నల్గొండ జిల్లావారు, హిందీ చిత్రాల నటుడు పైడి జైరాజ్ కరీంనగర్‌వారు. కాని ఒక స్త్రీ పేరే పైడితల్లి అయితే ఆ కుటుంబం విజయనగరం చుట్టుపక్కలదని చాలావరకు ఊహించవచ్చు. పశ్చిమ బెంగాల్లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌లో వినిపించినా అంతే.

ఈ పేరుకు మూలం విజయనగరం ఇలవేల్పు పైడితల్లి అమ్మవారు. స్థలపురాణం ప్రకారం ఆమె విజయనగరం రాజు పూసపాటి పెద విజయరామరాజు చెల్లెలు. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధంలో ఫ్రెంచి సేనాని బుస్సీ అండతో విజయరామరాజు కోటను గెలిచాడు. ఆ వెంటనే బొబ్బిలి పక్షపు యోధుడు తాండ్ర పాపారాయుడు శిబిరంలోకి చొరబడి అతన్ని చంపాడు. ఇంతవరకు చరిత్ర. ఆపైది జనం చెప్పుకునే కథ. మశూచితో ఉన్న పైడితల్లి అన్నను హెచ్చరించాలని పతివాడ అప్పలనాయుడి తోడుతో బయలుదేరింది. దారిలోనే అన్న మరణవార్త విని ప్రాణం విడిచింది. పెద్ద చెరువులో తన ప్రతిమ దొరుకుతుందని చెప్పి కన్నుమూసిందట. జాలరులు వల వేసి దాన్ని పైకి తీశారు. ఆమెకు కట్టిన గుళ్లు రెండు: రైల్వే స్టేషన్ దగ్గరి వనంగుడి, మూడు లాంతర్ల కూడలిలోని చదురుగుడి.

ఏటా విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం సిరిమానోత్సవం జరుగుతుంది. అమ్మవారు పూజారి కలలో కనబడి ఏ చింతమాను కొట్టాలో చెబుతుందని నమ్మకం. ఆ మానును సిరిమానుగా మలిచి, చివర కట్టిన పీఠం మీద పూజారి కూర్చుంటాడు. చదురుగుడికీ కోటకూ మధ్య దాన్ని మూడుసార్లు తిప్పుతారు. పూజారి పతివాడ వంశంవాడే. ముందు పాలధార, అంజలి రథం, తెల్లఏనుగు, బెస్తవారి వల నడుస్తాయి. చెరువులోంచి ప్రతిమను తీసిన వలకు ఊరేగింపులో చోటు అలా మిగిలింది. ముందురోజు సోమవారం తొలేళ్లు. ఆ రాత్రి అమ్మవారి దగ్గర విత్తనాలు తీసుకుని రైతులు తమ ధాన్యంలో కలుపుకుంటారు.

పేరు ఇళ్లలోకి వచ్చింది మొక్కు ద్వారా. పిల్లలు పుట్టకపోయినా, పుట్టి దక్కకపోయినా, ఇంట్లో అమ్మవారు పోసినా, గండం గడిస్తే నీ పేరు పెట్టుకుంటామని మొక్కుకునేవారు. ఆ తర్వాత నాయనమ్మ పేరు మనవరాలికి పెట్టే ఆచారం దాన్ని నిలబెట్టింది. మగపిల్లవాడు పుడితే పైడిరాజు, పైడయ్య, పైడినాయుడు. విజయనగరం చిత్రకారుడు అంట్యాకుల పైడిరాజు పేరు ఈ కోవలోదే. తల్లి అన్న మాటను అలాగే ఉంచి మగవారికి పెట్టడమూ ఉంది. 2004లో బొబ్బిలి లోక్‌సభ స్థానం నుంచి గెలిచిన కొండపల్లి పైడితల్లి నాయుడు అందుకు ఉదాహరణ. అన్నను బలిగొన్న యుద్ధం జరిగిన బొబ్బిలి సీమలోనే చెల్లెలి పేరు మొక్కుబడి పేరైంది.

ఈ పేరు బెంగాల్ చేరింది రైలు మీద. కటక్ నుంచి వాల్తేరు దాకా ఉన్న తూర్పుతీర మార్గం 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికి వచ్చింది. విజయనగరం ఆ దారిలోనే ఉంది. అదే కాలంలో ఖరగ్‌పూర్‌లో కంపెనీ పెద్ద వర్క్‌షాపు నిలిపింది. ఫిట్టర్లుగా, ఖలాసీలుగా, గ్యాంగ్‌మెన్‌గా ఉత్తరాంధ్రవాళ్లు అక్కడికి తరలివెళ్లారు. నిమ్‌పురా, మథురాకాటి వంటి రైల్వే పేటల్లో స్థిరపడి, గ్రామదేవతల కొలువును మాతాపూజల రూపంలో కొనసాగించారు. ఆ కుటుంబాల్లో చాలా తరాలు ఖరగ్‌పూర్‌లోనే పుట్టి పెరిగాయి.

బడి చదువులు, సినిమాలు పెరిగేకొద్దీ గ్రామదేవతల పేర్లు వెనక్కి తగ్గాయి. మొక్కు తీరడానికి బారసాలలో పైడితల్లి అని పిలిచి, బడి రిజిస్టరులో వేరే పేరు రాయించడం మధ్యేమార్గమైంది. ఇంటిపిలుపుకు డాక్‌నామ్, బయటికి భాలోనామ్ అని రెండు పేర్లు పెట్టుకునే బెంగాలీల మధ్య ఈ పద్ధతి వింతగా తోచేది కాదు.

విజయనగరం 1979 జూన్ 1న ప్రత్యేక జిల్లా అయింది. అంతకుముందు ఆ పట్టణం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. కనుక పాత సర్వీసు కాగితాల్లో జిల్లా పేరు ఒక్కటే ఉంటే సొంతూరు తేలదు. ప్రవాస కుటుంబాల వాళ్లు ముత్తవ్వల పేర్లను కూడా రాసి పెట్టుకోవడం మంచిది. వారిలో ఒక పైడితల్లి ఉంటే, వెతుకులాట విజయనగరం నుంచి మొదలుపెట్టవచ్చు.