వాటం లేని పేటియో, చివరి బిల్లు

సిడ్నీ పడమటి శివార్లలో, వెంట్వర్త్‌విల్ నుంచి షోఫీల్డ్స్ దాకా, తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే వడ్డీరేట్ల తర్వాత వచ్చే కబురు పెరడు. కొత్త ఇంటి తాళాలు చేతికొచ్చేసరికి వెనకాల ఉత్త మట్టే ఉంటుంది. ఉగాదికో, పిల్లల పుట్టినరోజుకో అక్కడ ఓ పేటియో వేయించాలి. పేవర్లు పరిచాక మొదటి గట్టి వానకి నీళ్ళు ఫెన్సు వైపు పోకుండా వంటింటి గోడకేసి వస్తాయి. మన ఊరి మేస్త్రీ అయితే ఒక్క ముక్కలో తేల్చేస్తాడు: వాటం లేదు. ఇక్కడి నిర్మాణ నియమావళి అదే మాటని అంకెల్లో చెబుతుంది: ఇంటి పక్క మొదటి మీటరులో నేల 50 మిల్లీమీటర్లు దిగాలి, వానలు తక్కువ పడే చోట గట్టి నేలకైతే 25 చాలు. ఈలోగా బిల్డరు చివరి బిల్లు వస్తుంది. ఇవ్వాలా, వద్దా?

మన అలవాటు మీకు తెలిసిందే. మేస్త్రీకి చివరి వాయిదా బిగబట్టడం, ఫోను ఎత్తకపోవడం. కోర్టులు మాత్రం దీన్ని రెండు ప్రశ్నలుగా విడదీశాయి. పని పూర్తిగా ఒప్పందం ప్రకారం లేకపోతే అసలు డబ్బు ఇవ్వాలా? ఇవ్వాల్సివస్తే ఎంత తగ్గించుకోవచ్చు?

మొదటిదానికి పాత జవాబు చాలా కఠినం. 1795 నాటి కట్టర్ వర్సెస్ పావెల్ కేసులో ఒక నావికుడు జమైకా నుంచి లివర్‌పూల్ దాకా పనిచేస్తే 30 గినీలని ఒప్పుకున్నాడు. దారిలో చనిపోయాడు. ప్రయాణం పూర్తికాలేదు కనక భార్యకి ఒక్క పెన్నీ రాలేదు. ఇదే సూత్రాన్ని ఇళ్ళ పనికి పట్టిస్తే ఒక టైలు వంకరగా ఉన్నా బిల్డరుకి సున్నా! 1916లో ఇంగ్లండు అప్పీలు కోర్టు దీన్ని సడలించింది. డేకిన్ వర్సెస్ లీ కేసులో పునాది కింద 4 అడుగుల కాంక్రీటు వేయాల్సిన చోట 2 అడుగులే వేశారు. అయినా పని చాలావరకు అయింది కనక బిల్డరుకి డబ్బు ఇవ్వాలి, లోపం ఖర్చు తగ్గించుకోవాలి అన్నారు. అంటే "పని బాగాలేదు, ఏమీ ఇవ్వను" అనే మాటకి బలం తగ్గి వందేళ్ళు దాటింది.

రెండో ప్రశ్నకి జవాబు ఆస్ట్రేలియాలోనే దొరుకుతుంది. 1954లో హైకోర్టు (ఇక్కడ హైకోర్టంటే మన సుప్రీంకోర్టు అన్నమాట) బెల్‌గ్రోవ్ వర్సెస్ ఎల్‌డ్రిడ్జ్ తీర్పు ఇచ్చింది. 3,500 పౌన్లకి రెండంతస్తుల ఇటుక ఇల్లు కట్టాలని ఒప్పందం. పునాది కాంక్రీటులోనూ గోడల మోర్టారులోనూ పాళ్ళు తప్పాయి, ఇల్లు స్థిరంగా లేదు. బిల్డరు బకాయి ఇప్పించమన్నాడు, ఇంటావిడ ఎదురు దావా వేసింది. బిల్డరు వాదన మహా తెలివైనది: ఇల్లు సరిగ్గా కడితే ఎంత విలువ, ఇప్పుడెంత విలువ, ఆ తేడా ఇస్తే చాలదా? చాలదంది కోర్టు. ఆవిడ కొన్నది విలువ కాదు, తన స్థలంలో తను అడిగిన ఇల్లు. కనక కూలగొట్టి మళ్ళీ కట్టే ఖర్చు ఇవ్వాల్సిందే. అందులోంచి పాత సామాను విలువా, ఆవిడ ఇంకా చెల్లించని బకాయీ తీసేశారు. ఆ డబ్బుతో ఆవిడ నిజంగా కట్టుకుంటుందా లేదా అన్నది మీకనవసరం అని కూడా చెప్పింది. నాకు నచ్చేది ఈ ముక్కే.

అయితే ఒక మెలిక పెట్టింది. ఆ పని అవసరమై ఉండాలి, సబబుగానూ ఉండాలి. పాత ఇటుకలతో కట్టమంటే బిల్డరు మేలురకం కొత్త ఇటుకలు వాడితే, పడగొట్టే ఖర్చు అడగడం కుదరదు.

ఈ మెలిక ఎక్కడిదాకా పోతుందో 1995లో ఇంగ్లండులో తేలింది. ఒకాయన ఈతకొలను 7 అడుగుల 6 అంగుళాల లోతు అడిగితే 6 అడుగుల 9 అంగుళాలు వచ్చింది. బిల్డరు బాకీకి దావా వేశాడు. మళ్ళీ తవ్వడానికి 21,560 పౌన్లు కావాలి, కానీ దూకడానికి ఇబ్బంది లేదు, ఇంటి విలువా తగ్గలేదు. హౌస్ ఆఫ్ లార్డ్స్ 2,500 పౌన్లతో సరిపెట్టింది. మా ఐటీ భాషలో చెప్పాలంటే, స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చింది కానీ సిస్టమ్ నడుస్తోంది. పేటియో రంగు ఒక ఛాయ తేడా అయితే ఈ కొలను కథ. నీళ్ళు గోడలోకి పోతుంటే అది బెల్‌గ్రోవ్ కథ, పీకి మళ్ళీ వేయాల్సిందే. 2009లో ట్యాబ్‌కార్ప్ కేసులో హైకోర్టు పాత తీర్పునే నిలబెట్టింది. అక్కడ అద్దెకున్నవాళ్ళు మెల్‌బోర్న్‌లో గ్రానైటు, చెర్రీ చెక్కతో చేసిన ఫోయర్‌ని అనుమతి లేకుండా మార్చేశారు. భవనం విలువలో తేడా 34,820 డాలర్లు. చెల్లించాల్సి వచ్చింది 13 లక్షల 80 వేలు.

ఇక న్యూ సౌత్ వేల్స్ సంగతి. 1989 నాటి హోమ్ బిల్డింగ్ చట్టం ప్రకారం మీరు కాగితం మీద రాయించకపోయినా పని పనితనంతో ఉండాలన్న హామీ ఉంటుంది. పెద్ద లోపాలకి 6 ఏళ్ళు, మిగతావాటికి 2 ఏళ్ళు. తగాదాలు 2014 నుంచి ఎన్‌క్యాట్ ట్రైబ్యునల్‌కి వెళ్తున్నాయి. అక్కడ మొదట మొగ్గు చూపేది వేసినవాడినే పిలిచి బాగుచేయించడానికి. చాలామందికి ఇది మింగుడుపడదు, వాడి మొహం చూడ్డమే ఇష్టం ఉండదు కదా.

ఫోను ఎత్తకపోయే అలవాటు ప్రమాదమయ్యేది 2021 మార్చి 1 నుంచి. అంతకుముందు, 1999 నాటి సెక్యూరిటీ ఆఫ్ పేమెంట్ చట్టం సొంత ఇంట్లో ఉండేవాళ్ళకి వర్తించేది కాదు. ఆ మినహాయింపు పోయింది. బిల్లు మీద "ఈ చట్టం కింద అడుగుతున్నాను" అన్న వాక్యం ఉంటే, 10 పనిదినాల్లో మీరు ఎంత ఇస్తారో, మిగతాది ఎందుకు ఆపుతున్నారో రాసి పంపాలి. వాటం ఎంత ఉండాలి, ఎంత ఉంది, సరిచేయడానికి ఇంకొకరిచ్చిన కొటేషన్ ఎంత, ఇవన్నీ ఆ కాగితంలోనే రావాలి. పంపకపోతే బిల్లు మొత్తం బాకీ పడినట్టే. గోడ చెమ్మ సంగతి ఆ తర్వాత ట్రైబ్యునల్‌లో వేరే తేల్చుకోవచ్చు, కానీ డబ్బు ముందు కట్టాక. కనక అలాంటి బిల్లు ఈమెయిల్లో వస్తే ముందు వాక్యం ఉందో లేదో చూడండి, తర్వాత క్యాలెండర్.