మన ప్రాంతమున ఇంటి కుట్టుపని: కొంత చరిత్ర

పత్తి పండు నేలలో బట్టకు కొదువ యుండదు గాని, బట్ట యున్నచోట నెల్ల కుట్టు ఉండవలెనను నియమము లేదు. మన గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగళ్లు తరతరములుగా పత్తినిచ్చినవి. మంగళగిరి, చీరాల, వేటపాలెము, జాండ్రపేట మగ్గములు నూలును చీరలుగను, పంచెలుగను, కండువాలుగను నేసినవి. ఆ బట్టలలో నధికభాగము మగ్గము దిగిన రూపముననే మనుష్యుల ఒంటిమీదికి వచ్చెడిది. చీర చుట్టుకొనుటకును, పంచె కట్టుకొనుటకును సూదితో పనిలేదు. "కట్టుబట్ట" యను మన మాటయే యీ సంగతిని చెప్పుచున్నది. మన పూర్వులు బట్టను కట్టిరి. తొడుగుట తరువాత వచ్చినది.

అమరావతి శిల్పములను చూచినవారికి ఈ విషయము విశదమగును. అందలి రాజులు, రాణులు, గృహస్థులు మిక్కిలిగా కట్టుబట్టలతోడనే యున్నారు. ఇక్ష్వాకుల నాటి నాగార్జునకొండలో, అనగా క్రీ. శ. 3వ శతాబ్దమున, ఒక స్తంభముపై అంగీయు లాగును తొడిగి, టోపీ పెట్టుకొని నిలిచిన శకసైనికుడు చెక్కబడినాడు. కుట్టిన దుస్తు మనవారెరుగనిది కాదు. అది యెక్కువగా పరదేశి వేషము, కొలువువారి వేషము.

అయినను మన యిండ్లలో సూది లేకుండెనని తలపరాదు. పాతచీరలను నాలుగైదు పొరలుగా పరచి, అంచు నుండి అంచునకు వరుసగా కుట్టుకొనుచు పోయి బొంత చేయని యిల్లు ఒకనాడు లేదు. బాలింతకు, పసిబిడ్డకు, చలికాలమునకు బొంతయే దిక్కు. చీర చిరిగినచోట అతుకు వేయుట, పంచె చివర మడిచి కుట్టుట, ధాన్యపు గోతాము మూతిని దబ్బనముతోను పురికొసతోను బిగించుట, ఇవన్నియు కుట్టుపనులే. మిరపకాయల టిక్కీలు గుంటూరు యార్డునకు చేరువరకు దబ్బనమునకు నేటికిని విశ్రాంతి లేదు. కాని ఈ కుట్టు అంతయు తిన్నని కుట్టు. రెండు పొరలు కలిసిన చాలును. మనిషి దేహమునకు సరిపోవునట్లు బట్టను కోసి కలుపుట వేరు విద్య. అందులో సూది పని కొంతయే. కత్తెర పని అధికము. మన ప్రాంతపు ఇంటి కుట్టు చరిత్ర యనగా, ఆ కత్తెర విద్య ఇంటిలోనికి ఎట్లు వచ్చినదను చరిత్రయే యని నా యభిప్రాయము.

స్త్రీల దుస్తులలో మొదట కత్తెరను కోరినది రవిక. పాతకాలపు రవిక ముందువైపు ముడి వేసికొనునది. దానికి గుండీలు లేవు, కాజాలు లేవు. పేరంటమునకు వచ్చిన ముత్తైదువకు పసుపు కుంకుమలతో రవికగుడ్డ నిచ్చుట మన ఆచారము. ఆ గుడ్డ ఇచ్చుటలో గౌరవమున్నది. కాని అది అందరికిని దక్కిన గౌరవము కాదు. అగ్రవర్ణములలో భర్త పోయిన స్త్రీకి రవిక నిషిద్ధము. పదేండ్ల బాలవితంతువైనను సరే, ఆమెకు కుట్టిన బట్ట కూడదు. కూలిజనములోనో, పలువురు స్త్రీలు పైట మాత్రముతోనే పొలముపనులకు పోయెడివారు. అందులో లేమి కొంత, పెద్దకులములవారి కట్టుబాటు కొంత. కాబట్టి రెండు మూరల గుడ్డను కోసి కుట్టుట కేవలము సోకుపని యనువారు మన పల్లెల చరిత్ర నెరుగనివారు.

కత్తెర విద్య చాలకాలము దర్జీల సొత్తై యుండెను. "దర్జీ" పారసీ పదము. అంగీలు, షేర్వాణీలు, లాగులు కుట్టువారిలో ముస్లిములు పలువురు. పత్తి యేకు దూదేకులలోను ఈ పని చేపట్టినవారు గలరు. దర్జీ పురుషుడు. అతడు బట్టలకొట్టు అరుగుపై కూర్చుండి పని చేసెడివాడు. శిష్యునికి ముందుగా గుండీలు కుట్టుట, కాజాలు తీయుట చెప్పెడివాడు. కత్తెర చేతికిచ్చుటకు ఏండ్లు పట్టెడిది. నేటికిని పెద్ద కొట్లలో "కటింగు మాష్టరు" వేరు, మిషను కుట్టువారు వేరు, కూలియు వేరు.

ఇక మిషను సంగతి. ఫ్రాన్సు దేశమున తిమోనియే యను దర్జీ 1830లో కుట్టుయంత్రమునకు హక్కుపత్రము పొందెను. తమ కూడు పోవునను భయముతో మరుసటి యేడు పారిస్ దర్జీలు అతని యంత్రములను విరుగగొట్టిరి. 1846లో అమెరికా వాడగు హోవే, సూది బెజ్జమును మొన యొద్ద నుంచి, క్రింది నుండి వచ్చు రెండవ దారముతో ముడిపడు కుట్టును సాధించెను. చేతిసూదికి వెనుకనుండు బెజ్జము ముందునకు వచ్చుటయే ఇందలి కీలకము. 1851లో సింగరు తన యంత్రమునకు హక్కుపత్రము పొందెను. 1856 నుండి అతని కంపెనీ వాయిదాలపై అమ్మసాగెను.

మన దేశమున సింగరు వ్యాపారమును 1870ల దశకము నుండి బొంబాయి పార్సీయగు నస్సర్వాన్జీ మెర్వాన్జీ పటేల్ నడపెను. ఇచ్చటి జనుల దుస్తులు మిక్కిలిగా కుట్టు లేనివనియు, ఇంటి ఆడువారికి కుట్టుకొను అలవాటు లేదనియు, అందుచే అమ్మకము మందమనియు ఆయన గ్రహించెను. యంత్రములను కొన్నవారు దర్జీలే. అమెరికాలో ఇల్లాలి గదిలోనికి పోయిన యంత్రము మన యొద్ద కొట్టు అరుగుమీదికి ఎక్కినది. యంత్రములకు విరోధియని పేరుపడిన గాంధీ మహాత్ముడు సైతము 1924లో రామచంద్రన్ అను విద్యార్థితో సంభాషించుచు, కుట్టుమిషనును మాత్రము మినహాయించి మెచ్చుకొనెను. సింగరు తన భార్య పడు శ్రమను చూడజాలక దానిని నిర్మించెనని ఆయన నమ్మకము. సింగరు సంసారకథ అంత ముచ్చటైనది కాదు గాని, మహాత్ముని మాటలోని భావము వేరు: కన్నులు చెడునట్లు కుట్టు స్త్రీకి ఆ యంత్రము సాయపడుచున్నది.

బాలికల చేతికి సూది మొదట బడిలో వచ్చినది. అమెరికా లూథరన్ మిషనుకు చెందిన హేయరు 1842లో గుంటూరు చేరెను. బాప్టిస్టు మిషనువాడగు క్లౌ 1866లో ఒంగోలు చేరెను. ఆ మిషనుల బాలికా పాఠశాలలలో సూదిపని ఒక పాఠము. తరువాత మద్రాసు రాజధానిలోని ఇతర బాలికా పాఠశాలలకును అది వ్యాపించెను. కులమున వెనుకకు నెట్టబడినవారి బాలికలు పలక, సూది ఒకేసారి పట్టిరనుట మరువరానిది. కాని బడిలో నేర్పినది మిక్కిలిగా అంచు మడిచి కుట్టుట, పూలు కుట్టుట, అల్లికలు. చేతిరుమాలుపై చిలుకను కుట్టగలిగిన బాలిక తన రవికను తాను కోసికొనలేకపోయెను. నరసాపురపు లేసు సంగతియు కొంత యిట్టిదే. మిషనువారు నేర్పిన ఆ అల్లిక సముద్రములు దాటి పోయినది. అల్లిన ఇల్లాలికి దక్కినది స్వల్పపు కూలి.

చేతిపని కడుపు నింపవలెనను ఆలోచన సంఘసంస్కర్తలది. ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు 1902లో గుంటూరున వితంతు శరణాలయమును స్థాపించిరి. 1922లో ఆయనయు, సహధర్మచారిణి లక్ష్మీబాయమ్మగారును స్త్రీవిద్య కొరకు శారదానికేతనమును నెలకొల్పిరి. ఏ స్త్రీకి రవిక కూడదనిరో ఆ స్త్రీ చదువుకొని, తన పొట్ట తాను పోసికొనుట కారంభించిన కాలమది. 1921లో బెజవాడ కాంగ్రెసు సభ 20 లక్షల రాట్నములు తిరుగవలెనని తీర్మానించినది. అదే యేడు చీరాల, పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఊరు విడిచి రామనగరమున కాపురముండిరి. ఖద్దరు ఇంటింట ప్రవేశించినది. ముతకదైన ఆ గుడ్డకు కుట్టు చక్కగా కుదరదని దర్జీలు విసుగుకొనగా, ఇంటివారే సూది పట్టవలసి వచ్చిన సందర్భములు గలవు.

ఇచ్చట గ్రంథాలయముల మాట చెప్పక తప్పదు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము 1914లో బెజవాడలో వెలసినది. నేడు బాపట్ల జిల్లాలో చేరిన వేటపాలెమున 1918లో సారస్వత నికేతనము స్థాపింపబడినది. 1935లో పెదపాలెము సేవాశ్రమవాణీ గ్రంథాలయమువారు, పాతూరి నాగభూషణముగారి పూనికతో, కాలువపై పడవలో పుస్తకములను ఊరూరికి చేర్చిరి. రేవునకు వచ్చిన పుస్తకము గడప దాటజాలని స్త్రీకిని అందినది. స్త్రీల పత్రికలలో అల్లికలు, కుట్టుపనులు, కొలతల పటములు అచ్చుపడినవి. దర్జీ చెప్పని విషయమును కాగితము చెప్పినది. చదువురాని చేతికి సూది లొంగును గాని, కొలతల పటము లొంగదు. కత్తెరకును అక్షరమునకును గల బంధుత్వము ఇదే.

స్వాతంత్ర్యానంతరము ఈ పని ఊపందుకొనెను. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము ఆరంభమైనది. 1953లో దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారి అధ్యక్షతన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడినది. గ్రామసేవికలు, మహిళామండలులు, మండలికొక కుట్టుమిషను! కలకత్తా జయ్ ఇంజనీరింగువారి ఉషా మిషను అప్పటికే సింగరుకు దీటుగా నిలిచినది. కలిగిన యిండ్లలో ఆడపిల్ల సారెతో మిషను పంపుట మర్యాదయైనది. ప్రభుత్వ పరీక్షల శాఖవారి టైలరింగు లోయరు, హయ్యరు పరీక్షలలో ఉత్తీర్ణులై ఉపాధ్యాయినులైన స్త్రీలును గలరు. అయితే మండలి మిషనులలో పెక్కింటికి బూజు పట్టినదను మాటయు నిజము. మిషను త్రొక్కుట నెలలో వచ్చును. కోత రానిదే ఆ త్రొక్కుడు వ్యర్థము. మిషను నిచ్చి కోత నేర్పని పథకములను మెచ్చుకొనజాలము.

కోత నేర్చుటకు మన స్త్రీలు కనుగొన్న ఉపాయము "ఆది". ఒంటికి సరిపోయిన పాత రవికయే ఆది. దాని కుట్లను నెమ్మదిగా విప్పి, ముక్కలను నేలపై పరచి, వార్తాపత్రికపై గీసి కత్తిరించినచో కొలత చేజిక్కినట్లే. ఛాతీ 36 అంగుళములైనచో నాలుగవ వంతు 9; దానిపై వదులునకు, కుట్టుకు ఒకటిన్నర, రెండు అంగుళములు చేర్చవలెను. మెడ, చంక వంపులు తప్పినచో బాగుచేయుట కష్టము. నడుము తప్పినచో సులభము. 1956 చట్టముతో మీటరు వచ్చి, కొట్టులో గుడ్డ మీటర్లలో కొలువబడుచుండగా, మెడలోని టేపు నేటికిని అంగుళములనే చెప్పుచున్నది. గజమునకు 36 అంగుళములు, మీటరునకు 39.37. ఆ మూడు అంగుళముల పైచిలుకులో చేతులకు పట్టీ తీయగల ఇల్లాలు లెక్కలలో ఎవరికిని తీసిపోదు.

క్రొత్తది కుట్టుటకంటె పాతదానిని మార్చుటలో నేర్పు హెచ్చు. ఎదుగు పిల్ల పరికిణీకి అడుగున రెండు మూడు మడతలు వేసి కుట్టి, ఏటేట ఒక మడత విప్పెడివారు. రవిక లోపల గుడ్డను కోయక వదలి, ఒళ్లు వచ్చినపుడు కుట్టు జరిపెడివారు. అరిగిన చొక్కా కాలరును విప్పి తిరగవేసి కుట్టినచో మరి రెండేండ్లు వచ్చెడిది. తండ్రి లాగు కుమారుని నిక్కరగును. తల్లి చీర కుమార్తె పరికిణీయై, అటుపిమ్మట బొంతలో పొరయై నిలిచెడిది. మిరప కోతలకు, పత్తితీతకు పోవు స్త్రీలు చీరపై మగవారి పాత చొక్కా తొడుగుట నేటికిని చూచుచున్నాము. ఎండకు, ఘాటుకు, పుల్లల గీతలకు అది కవచము. ఏ దర్జీయు కనిపెట్టని దుస్తు అది!

1980ల దశకమున తెల్లదోమ పత్తిచేలను పాడుచేసినది. 1987–88లో అప్పులపాలైన పత్తిరైతుల ఆత్మహత్యలు ఈ జిల్లాలను కలచివేసినవి. సేద్యమును నమ్ముకొన్న యిండ్లలో కుట్టుమిషను అలంకారము కాక ఆధారమైనది. 1982లో ఆరంభమైన డ్వాక్రా పథకపు అప్పుతో మిషను కొన్నవారెందరో. సంక్రాంతికి రేయింబవళ్లు మిషను కుట్టి, తరువాత మిరప కోతకు పోవు స్త్రీకి చేతుల మంట కూలిలో చేరదు. 2020లో కరోనా వ్యాధి ప్రబలినపుడు, రాష్ట్రమున మనిషికి 3 వంతున మాస్కులు పంచ సంకల్పించిన ప్రభుత్వము ఆ కుట్టును పొదుపు సంఘముల స్త్రీలకు అప్పగించినది. పల్లెలలో ఎన్ని మిషనులున్నవో, ఎన్ని చేతులు నేర్చియున్నవో లోకమునకు అప్పుడు తెలిసినది.

తయారు దుస్తులు వచ్చి చొక్కాలు, లాగులు కుట్టువారి పని చాలవరకు హరించినవి. రవిక మాత్రము లొంగలేదు. ఏ ఇద్దరి దేహములును ఒక తీరుగా నుండవు. ఆ వస్త్రములో అరంగుళము తప్పినను ఒప్పదు. గుడ్డ వెలకంటె కుట్టుకూలి మించిన రోజులివి. నేడు బాలికలు కోతను సెల్‌ఫోనులో చూచి నేర్చుచున్నారు. ముందునకు, వెనుకకు జరిపి, కావలసినన్ని మార్లు చూచుచున్నారు. అయినను క్రొత్త కుట్టుకొట్టునకు పోవు స్త్రీ చేతిసంచిలో, మడిచిపెట్టిన ఆది రవిక యొకటి నేటికిని ఉండనే యుండును.