జాగిలం – పోషణ ధర్మం: పొలవాస, వేములవాడ సీమల చారిత్రక నేపథ్యం

పశుపోషణ గురించి జరిగిన సాహిత్య, చారిత్రక చర్చలు ఎక్కువగా ఆవు, ఎద్దు, గొర్రెల చుట్టూ సాగాయి. కుక్కకు వాటిలో దక్కిన చోటు స్వల్పం. జాతి కుక్కల పెంపకం వ్యాపారంగా స్థిరపడిన ఈ కాలంలో ఒక తల్లికుక్క చేత ఎన్ని ఈతలు ఈనించవచ్చు, ఈతలు ఉడిగిన తరువాత దాని పోషణ ఎవరిది అనే ప్రశ్నలు చట్టం దాకా వెళ్లాయి. ఈ రెండో ప్రశ్న కొత్తది కాదు. నేటి జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల ప్రాంతం రాష్ట్రకూట, పశ్చిమ చాళుక్య సామ్రాజ్యాలలో భాగంగా ఉన్న కాలపు ఆధారాలలో దీనికి సమాధానం లభిస్తుంది.

జాగిలానికి ఆ కాలంలో ఉన్న విలువను ఆతకూరు శాసనం చెబుతుంది. ఇది కర్ణాటకలోని మండ్య ప్రాంతానిది. కాలం శక 872, అంటే క్రీ.శ. 949–50. అప్పటి రాష్ట్రకూట చక్రవర్తి మూడో కృష్ణుడు. వేములవాడ చాళుక్యులు ఆయనకు సామంతులు. తక్కోలం యుద్ధంలో చూపిన శౌర్యానికి మెచ్చి గంగరాజు బూతుగుడు ఏం కావాలని అడిగితే, మనలేరుడనే వీరుడు 'కాళి' అనే వేటకుక్కను కోరుకున్నాడు. ఆ కుక్క ఒక అడవిపందితో పోరాడింది, రెండూ చనిపోయాయి. కాళి జ్ఞాపకార్థం శిల నిలిపి, భూమిని దానమిచ్చారు. ఆ శిలను పూజించకుండా భోజనం చేసే గొరవడికి పాపం తగులుతుందని కూడా రాయించారు. మేలైన జాగిలం రాజును అడిగి తెచ్చుకోదగిన సంపద అని, దాన్ని పొందినవాడి బాధ్యత దాని మరణంతో కూడా ముగియలేదని ఈ శాసనం వల్ల తెలుస్తోంది.

ఈ బాధ్యత వీరుడైన కుక్కకే పరిమితమా? ఈ ప్రశ్నకు సోమదేవసూరి రచనలు తోడ్పడతాయి. ఆయన 'యశస్తిలక చంపువు' క్రీ.శ. 959లో, వేములవాడ చాళుక్యుల ఏలుబడిలోని గంగధారలో పూర్తయింది. కరీంనగర్ నుంచి జగిత్యాల వెళ్లే దారిలోని గంగాధరయే ఈ గంగధార అని చరిత్రకారులు గుర్తించారు. పిండికోడిని బలి ఇచ్చిన పాపానికి యశోధరుడు నెమలిగా, అతని తల్లి చంద్రమతి కుక్కగా పుడతారు. ఒకనాడు ఆ కుక్క నెమలిని కరచి చంపుతుంది. రాజు కొట్టిన దెబ్బకు కుక్క కూడా చనిపోతుంది. తల్లి బిడ్డను చంపింది. కొట్టిన రాజుకు అవి తన నాయనమ్మ, తండ్రి అని తెలియదు. జంతువుతో తనకున్న బంధాన్ని మనిషి ఎరుగడనే అహింసావాదుల వాదనకు ఇంతకంటే కరుణమైన సన్నివేశం అరుదు.

అదే కవి రాసిన 'నీతివాక్యామృతం' ఈ కరుణను అర్థశాస్త్రంలోకి తెచ్చింది. ముసలివి, పసివి, జబ్బుపడినవి, చిక్కిపోయినవి అయిన పశువులను బంధువులలాగా పోషించాలని అందులోని వార్తా సముద్దేశం చెబుతుంది. మోయలేని బరువు, సుదూర ప్రయాణం పశువుల అకాల మరణానికి కారణాలని హెచ్చరిస్తుంది. వార్త అంటే వ్యవసాయం, పశుపాలనం, వాణిజ్యం. ఈ విధి దానధర్మాల ప్రకరణంలో కాక జీవనోపాధుల ప్రకరణంలో ఉండడం గమనించదగినది. ఫలమివ్వని పశువు మేత కూడా పోషణ వ్యయంలో భాగమే అన్నది దీని సారాంశం. సూత్రంలోని 'పశు' శబ్దానికి ప్రధానంగా గోగణమే అర్థం కావచ్చు. అయినా పోషకుడు తన లాభం కోసం ఉంచుకున్న ఏ ప్రాణికైనా ఈ తర్కం వర్తిస్తుంది.

పన్నెండో శతాబ్దంలో నేటి జగిత్యాల దగ్గరి పొలాస కేంద్రంగా పొలవాస పాలకులు పశ్చిమ చాళుక్య సామంతులుగా ఉన్నారు. మేడరాజును ఓడించి పొలవాసను జయించినట్లు కాకతీయ రుద్రదేవుని 1163 నాటి హనుమకొండ శాసనం చెబుతుంది. అంతకుముందే పశ్చిమ చాళుక్య చక్రవర్తి మూడో సోమేశ్వరుడు 'మానసోల్లాసం'లో సారమేయ వినోదానికి ప్రత్యేక స్థానం కల్పించాడు. కుక్కల లక్షణాల పరిజ్ఞానం అప్పటికే రాజులు నేర్వదగిన విద్య అయింది. జాతి నాణ్యతపై ఆసక్తి పెరిగే కొద్దీ, నాణ్యత తగ్గిన కుక్క గతి ఏమిటన్న ప్రశ్న బలపడుతుంది. రాజాస్థానంలో ఆ భారం ఖజానాది. సంతలో అది ఎవరిదీ కాకుండా పోయే ప్రమాదం ఉంది.

కుక్కల పెంపకం, విక్రయాలపై 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 2017లో వచ్చిన నియమాలు ఈ ప్రమాదానికే హద్దు గీశాయి. పెంపకందారు నమోదు చేసుకోవాలి. పద్దెనిమిది నెలలు నిండని ఆడకుక్కను చూలు కట్టించరాదు. వరుసగా రెండు ఎదలలో ఈనించరాదు. జీవితకాలంలో ఐదు ఈతలకు మించరాదు. ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మరాదు. కుక్క సాధారణంగా ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది కాబట్టి, ఈ లెక్కన ఏడాదికి దాదాపు ఒక ఈత. ఐదు ఈతలు ముగిసేసరికి తల్లికి ఆరేడేళ్లు వస్తాయి. ఆ తరువాత అది బతికే ఏళ్లలో రాబడి ఉండదు. తిండి, వైద్యం మాత్రం తప్పవు. పిల్ల ధరలో తల్లి ముసలితనపు ఖర్చు కలవకపోతే ఆ ధర అసంపూర్ణం. చవకగా దొరికిన పిల్ల వెనుక ఎదకెదకూ ఈనిన తల్లి గాని, వీధిపాలైన తల్లి గాని ఉండే అవకాశం ఎక్కువ. కొన్నవాడు మిగుల్చుకున్న సొమ్ము ఆ తల్లి చెల్లించినదే.

నేడు ఈ సీమలో కోరుట్ల పశువైద్య కళాశాల ఉంది. ఎద, చూలు, టీకాల శాస్త్రం అక్కడ బోధనాంశం. శాస్త్రం ఎన్ని ఈతలు సాధ్యమో చెప్పగలదు. ఎన్ని న్యాయమో చెప్పడానికి ధర్మవిచారణ కావాలి. ఆ విచారణకు కావలసిన ఆధారం గంగాధరలో కావ్యం ముగించిన కవి రచనలోనే ఉంది. ముసలి పశువును బంధువుగా చూడమన్న వాక్యాన్ని ఆయన ఆదాయమార్గాల మధ్యనే ఉంచాడు. జాతి కుక్కల వ్యాపారం తన పద్దులో రాసుకోవలసిన మొదటి ఖర్చు అదే.